పది వేళ్ళూ గుచ్చాను

అట్లా చూడకు, హేరాన్ వాళ్ళమ్మా. మోక్పో రేవు వీధిలో నా అంత బాగా సూది గుచ్చేవాడు లేడంటే అది గొప్ప కాదు, సేవ. అరక్క కడుపు పట్టుకొచ్చిన ప్రతివాడికీ బొటనవేలికి దారం కట్టి, చుక్క నల్లరక్తం తీసి పంపలేదూ? ఒక్కడైనా పోయాడా?

ఆ ఉదయం ఏడింటికి ముల్లంగి కిమ్చీలో ఉప్పెక్కువైందన్నాను. నువ్వు పలకలేదు. అలిగావనుకున్నాను. ఉప్పు మాటెత్తితే నలభై ఏళ్ళుగా అలుగుతూనే ఉన్నావుగా! నీ చేతిలో చెంచా జారి, మూతి ఓ పక్కకు పోయాక గానీ భయం వెయ్యలేదు.

భయం వేస్తే మనిషన్నవాడు ఫోన్ తీస్తాడు. నేను సూది తీశాను. పది వేళ్ళూ గుచ్చాను. బంగారు రేకు చుట్టిన మందు ఉండ నలిపి నోట్లో పెట్టాను. పొలమారింది నీకు. "చూశావా, మొహానికి రంగొచ్చింది!" అని సంబరపడి పడుకోబెట్టాను.

పన్నెండింటికి మన అమ్మాయి హేరాన్ వచ్చి, "నీ సూది తగలెయ్య, నాన్నా!" అంటూ అంబులెన్సు పిలిచింది.

ఆస్పత్రిలో ఆ డాక్టరు పిల్ల, బ్యోన్, అడిగింది: "తాతగారూ, ఆఖరుసారి ఎప్పుడు బాగున్నారీవిడ?"

"పదకొండింటికి."

అబద్ధమే! ఐదు గంటలు సూదితో ఆడుకున్నానని కూతురి ముందు ఎట్లా చెప్పను?

నర్సు ఇంజక్షన్ సిద్ధం చేస్తోంది. డాక్టరు పిల్ల నీ వేలికొసలు చూసింది. "ఈ గాట్లు ఎండి పక్కులు కట్టాయి. గంటలోనే? మెదడులో రక్తం గడ్డ కరిగించే ఈ మందు పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే తలలో రక్తం పారొచ్చు. మళ్ళీ చెప్పండి."

"ఏడింటికి," అన్నాను. హేరాన్ నావైపు చూళ్ళేదు. నర్సు సిరంజి పక్కన పెట్టేసింది.

"అయితే గజ్జ రక్తనాళంలోంచి తలదాకా తీగ పంపి గడ్డ లాగుతాం," అంది డాక్టరు. "ఒకప్పుడైతే చేతులెత్తేసేవాళ్ళం. ఇప్పుడు స్కానింగులో మెదడు కొంతైనా బతికుందని తేలితే ఆలస్యమైనా ప్రయత్నిస్తున్నాం."

"నడుస్తుందా?"

"వెంటనే వచ్చినవాళ్ళు చాలామంది నడిచే ఇంటికెళ్తున్నారు, తాతగారూ."

గడ్డ బయటికొచ్చింది. ప్రాణం నిలిచింది. మాట రాలేదు, కుడిచెయ్యి లేవలేదు.

ఇప్పుడు వీధిలో అందరికీ నేనే పాఠం చెప్తున్నా: నవ్వమను, చేతులెత్తమను, మాట్లాడమను, ఏది తప్పినా అంబులెన్సు నంబరు నూట పంతొమ్మిదికి ఫోన్. సూది సముద్రంలో పారేశాను. సరే, పారెయ్యలేదు. సొరుగులో ఉంది.

ఇదిగో, జావ చల్లారుతోంది. నోరు తెరువు. తెరవవూ? ఉప్పు ఈసారి నేనే వేశా. ఎక్కువైందా?

నువ్వు మొహం తిప్పుకుంటే అది అలకో, జబ్బో, నాకింకా తెలీదు.