పదహారు మీద ముక్క తీయనన్న ఓరిన్

"రీనో ఊరు మొత్తంలో బ్లాక్‌జాక్ పేకాట బల్ల వెనక నిలబడి క్యాసినో కంపెనీకి ఎదురు తిరిగిన మొనగాడు ఒక్కడే ఉన్నాడు. వాడు ఇదిగో, నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు," అన్నాడు ఓరిన్, కాఫీ కొట్టు లూపేతో.

"మొన్న సూపర్‌వైజరు కసిరితే నోరెత్తలేదటగా?" అంది లూపే.

"అది వేరు! డీలర్ బతుకేంటో నీకు తెలీదు, విను. మనకి బుర్ర ఉండకూడదు. ముక్కలు పంచాలి, పందెం కట్టినవాడు ఇంకోటి అడిగితే వెయ్యాలి, చాలంటే ఆగాలి. ఇరవై ఒకటి దాటినవాడు చిత్తు. ఆఖర్న మన వంతు. మనకి పదహారో అంతకంటే తక్కువో ఉంటే, ఇష్టమున్నా లేకపోయినా ముక్క తీసి తీరాలి. పదిహేడొచ్చిందా, ఆగి తీరాలి. బల్ల దిగేటప్పుడు చేతులు తట్టి, రెండు అరచేతులూ పైనున్న కెమెరాకి చూపించాలి, ఏమీ నొక్కెయ్యలేదని. ఒళ్లు మండదూ?"

"మాకెవరికీ మండలేదే," అంది పక్క కుర్చీలోంచి తెయొడోరా. ఆవిడదీ డీలర్ పనే.

"అందుకే నువ్వు నువ్వూ, నేను నేనూ! ఆ మధ్యాహ్నం ఎర్నెస్టీన్ వచ్చింది. మొగుడు పోయాక ఒంటి చేత్తో బేకరీ నడుపుకుంటున్న మనిషి. బ్యాంకువాడు తాళం వేస్తానన్నాడని ఉన్నదంతా తెచ్చి ఒకే పందెం కట్టేసింది. పదిహేను వచ్చాయి. చాలంది. నా ముక్కలు తిప్పితే రాజూ, ఆరూ. రాజుకి పది, మొత్తం పదహారు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ముక్క తీసుంటావు."

"తియ్యలేదు! వెనకనుంచి సూపర్‌వైజరు 'తియ్యి' అన్నాడు. వాడు తియ్యమన్నాడంటే కంపెనీకి లాభం ఉండబట్టేగా? తియ్యనన్నా. మేనేజరొచ్చాడు. తియ్యనన్నా. ఇద్దరు వస్తాదులు నా చెయ్యి పట్టుకుని ముక్కల పెట్టె మీదికి లాగారు. వాళ్ల చొక్కాలు చిరిగాయి గానీ నా చెయ్యి కదల్లేదు. క్రేను తెప్పించారు. దాని మెడ వంగిపోయింది! బిల్డింగు ఓ పక్కకి ఒరిగింది, నేను ఒరగలేదు. బయట మంచు పడింది, కరిగింది, మళ్లీ పడింది. నా గడ్డం బల్ల దాటి కింద తివాచీ మీదికి పాకింది. ట్రకీ నది పారడం మానేసి కిటికీలోంచి తొంగి చూసిందంటే నమ్ము!"

"ఎర్నెస్టీన్ ఏం చేస్తోంది పాపం?" అంది లూపే.

"ఒకటే ఏడుపు, నా ధైర్యం చూసి. 'తియ్యి బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా' అని నిజంగానే పట్టుకుంది. నా ఉద్యోగం పోతుందని బెంగ, పిచ్చిది. 'నువ్వు ఊరుకోమ్మా, నీ కోసం ప్రాణమిస్తా' అన్నా. చివరికి యజమాని హెలికాప్టర్లో దిగాడు. బల్ల మీద ముక్కలన్నీ ఓసారి చూశాడు. ఏమనుకున్నాడో, పకపకా నవ్వి, నన్ను కావలించుకుని, 'సరే ఓరిన్, నీ మాటే నెగ్గింది' అన్నాడు. జీతం కూడా పెంచాడు! చూశావా, ఎదిరిస్తే ఎలా దిగొస్తారో?"

తెయొడోరా చెంచా కింద పెట్టింది.

"పెంచడూ మరి? నీది పదహారు, ఆవిడది పదిహేను. అక్కడే ఆగిపోతే, ఎక్కువున్న కంపెనీదే గెలుపు. నువ్వు ఇంకో ముక్క తీసి, ఇరవై ఒకటి దాటి చిత్తయితేనే ఆవిడ బేకరీ నిలిచేది. ఆవిడకున్న ఆశల్లా ఆ ఒక్క ముక్కే. అందుకే పట్టుకుందయ్యా నీ కాళ్లు."

ఓరిన్ వేళ్ల మీద పదిహేను లెక్కపెట్టుకున్నాడు, పదహారు లెక్కపెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా గడ్డం పైకెత్తాడు.

"అయితే ఏంటట? కంపెనీ ముందు నేను తల వంచానా?"

"వంచలేదులే," అంది లూపే. "బేకరీ ఒక్కటే పోయింది."