టెస్సా పేరున్న పువ్వు

(ఇంగ్లండ్‌లో ఒక పల్లె. ఫిబ్రవరి ఉదయం. పక్కింటి డోరిన్ తలుపు తట్టింది హెస్టర్.)

"డోరిన్, నిజం చెప్పు. మా పెరట్లోంచి నువ్వో స్నోడ్రాప్ పూల గడ్డ దొంగిలించావా లేదా?"

"ఓసి నీ అసాధ్యం కూల! పొద్దున్నే దొంగతనం అంటగడతావా? ముందు లోపలికి రా. చేతులనిండా ఆ మట్టేంటి హెస్టర్?"

"రాను. దొంగిలించానని చెప్పు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

"అయ్యో, నీకేమైందే?"

"పోయాయి. టెస్సా పూలు. మూడు ఆకుపచ్చ చుక్కలుంటాయే, అవి. ఆకులు వాడిపోతున్నాయని తవ్వి చూశాను. వేలితో నొక్కితే చాలు, ఒక్కో గడ్డా కుళ్ళు నీళ్ళే. అన్నీ పోయాయి డోరిన్, అన్నీ!"

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"ఒక్కటి కూడా."

"ఎన్నిసార్లు మొత్తుకున్నాం? అరుదైన గడ్డ ఉంటే స్నేహితురాలికొకటి ఇచ్చుకోవాలి, మన దగ్గర చచ్చినా అక్కడ బతుకుతుందని. ఊళ్ళో అందరం చేసేది అదే. నువ్వేమో కంచె కట్టావు."

"ఎలా ఇస్తానే? నా చిట్టితల్లి గడ్డిలో కనిపెట్టిన పువ్వది. 'అమ్మా, దీనికి నా పేరు పెట్టు' అంది. అది గుత్తయ్యేసరికి పిల్లే లేదు. తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టమంటావా?"

"సరే సరే, ఏడవకు. చర్చి దాకా అలా నడిచొద్దాం, రా."

"అటు రాను. టెస్సాను పాతిపెట్టిన రోజు తప్ప ఆ చర్చి సమాధుల గేటు దాటలేదు నేను. నా పిల్ల నాకు ఈ పెరట్లోనే ఉండేది."

"పోనీ టీ పెడతాను."

"టీ వద్దు! ఆ రోజే, అందరూ వెళ్ళాక, నువ్వొక్కదానివే మా పెరట్లోకి వెళ్ళావు. కిటికీలోంచి చూశాను. పన్నెండేళ్ళుగా మనసులో దొంగముండా అని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇవాళ అది నిజమైతే చాలు దేవుడా అనుకుంటూ పరిగెత్తుకొచ్చాను. తీశావా?"

"నీళ్ళు మరుగుతున్నట్టున్నాయి."

"డోరిన్!"

"తీశాను. ఒక్కటే. చేతిరుమాల్లో చుట్టుకుని."

"మరి ఏదీ? ఏటా నీ కంచె మీంచి తొంగిచూస్తూనే ఉన్నానుగా, ఎక్కడా కనబళ్ళేదే!"

"నా పెరట్లో నాటలేదు."

"అమ్మేశావా? చంపేశావా? చెప్పవే!"

"ఛ, అదేం మాట. నలభై పైనే అయ్యాయి ఇప్పుడు. నిన్ననే కలుపు తీసొచ్చాను. విరగబూశాయి."

"ఎక్కడ?"

"టెస్సా దగ్గరే. నువ్వు ఒక్కసారి ఆ గేటు దాటితే చాలు, కనిపిస్తాయి."