తన లెక్కనే తప్పుపట్టిన స్తంభాలాయన

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన మా భూగర్భ బొగ్గుగని ప్రణాళికా విభాగంలో సహాయకులుగా చేరిన మా పెద్దాయన, ఈ నెలాఖరున ఆ విభాగానికే అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి మా గని పత్రిక ఈ సంచికకు నేను మొదట ఇచ్చిన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను. అందులో అబద్ధమేమీ లేదు గాని, పోయిన నెల జరిగినదాని ముందు అది వెలవెలబోయింది.

మా గనిలో బొగ్గును గదులు గదులుగా తవ్వుతూ, పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలిపెడతారు. గది వెడల్పెంతో, స్తంభం మందమెంతో నిర్ణయించడమే వారి వృత్తి. ఎక్కువ వదిలితే పై అధికారులు ఊరుకోరు, తక్కువ వదిలితే పైకప్పు ఊరుకోదు. తొలి ఏడాదిలోనే ఒక భాగానికి స్వయంగా ప్లాను గీసి మెప్పు పొందిన వారు, క్రమంగా ఉన్నత పదవులను అలంకరించి, ఎవరెంత ఒత్తిడి చేసినా “ఇంకో మీటరు ఉండనివ్వండి” అనే మాటను మాత్రం విడువలేదు. అందుకే అందరికీ స్తంభాలాయన అయ్యారు.

ఇంట్లోనూ అదే జాగ్రత్త. గడియారానికి మేకు కొట్టమని సతీమణి అడిగితే, గోడంతా తట్టి, చెవి ఆనించి విని, చివరకు గడియారాన్ని బల్లమీద నిలబెట్టారట!

అటువంటి మనిషిని విరమణానంతరం సలహాదారుగా నియమించాలని యాజమాన్యం ఉద్యోగులందరితో సమావేశమైంది. అభినందనలు ముగిశాక వారు లేచి నిలబడ్డారు.

“నేను మొట్టమొదట గీసిన ప్లాను తప్పండీ. అడుగు నేల పొడిగా ఉంటుందనుకుని స్తంభాలు సన్నం చేశాను. ఇప్పుడు నీళ్లూరి నేల మెత్తబడింది, స్తంభాల అంచులు రాలుతున్నాయి. మొన్న దిగి చూసొచ్చాను. సరిగ్గా ఆ భాగం మీదే మన క్వార్టర్లున్నాయి. కింద ఇసుక నింపేదాకా అందరినీ ఖాళీ చేయించండి.”

తప్పు ఎవరిదైనా కావచ్చుననుకున్నాను, వారిది మాత్రం కాదనుకున్నాను. వెనకనుంచి పంపు ఆపరేటరు గట్టిగానే అన్నాడు: “రిటైరయ్యేవాడు ఎలాగూ ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. పోతూ పోతూ మమ్మల్నీ రోడ్డున పడేస్తాడా?”

సలహాదారు పదవి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వారం తిరిగేసరికి మేమంతా ఇరుకు అద్దె ఇళ్లలోకి మారాము. వారి సామాను ఎక్కించడానికి సాయం వెళ్లినప్పుడు సతీమణి మాటలు నా చెవిన పడ్డాయి.

“ఇన్నేళ్లూ ఒక్క మేకు కొట్టనివ్వలేదు. ఇప్పుడు ఏకంగా ఇల్లే వద్దన్నారు! మీ లెక్క తప్పిందని ఇంకెవరికన్నా తెలుసా?”

“తెలీదు.”

“మరి మీరే ఎందుకు చెప్పుకున్నారండీ?”

“పైన పిల్లలు పడుకుంటున్నారే!”

నిజం చెప్పాలంటే సమావేశం రోజున నాకు కోపమే వచ్చింది. జీవితమంతా కూడబెట్టుకున్న పేరును సొంత నోటితోనే ఇలా మంటగలుపుకుంటారా అనిపించింది. పిల్లల గురించి వారన్న ఆ మాట విన్నాక కోపం పోయింది గాని, దిగ్భ్రాంతి మాత్రం ఈనాటికీ తగ్గలేదు.

ఇసుక నింపే పని సాగుతోంది. ఇంతవరకు ఒక్క గోడ కూడా బీటవారలేదు. “ఊరికే కదిలించాడు మనల్ని” అనే సణుగుడు రోజూ వింటూనే ఉన్నాను. ఆ ఇళ్లు అలాగే చెక్కుచెదరకుండా నిలవాలనీ, మా స్తంభాలాయన నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో ఉండి ఆ సణుగుడును ప్రతిరోజూ చెవులారా వింటూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.