నూట పదహారు రౌండ్ల మాతె

భవానీపురంలో సుభాని టీకొట్టు పెట్టి నెల తిరగలేదు, అప్పుడే దాని ముందున్న బెంచీ భావనారాయణ సొంతమైపోయింది. మంగళగిరి చీరల వ్యాపారి ఆయన. ఇవాళ మాత్రం ఊసుపోక కబుర్లు కాదు. చేనేత సంఘం అర్జెంటీనాలో ఎగ్జిబిషన్ పెడుతోంది, అక్కడి పద్ధతులు తెలిసిన మనిషొకడు కావాలి, ఆ మనిషిని ఎంచే రత్తయ్య గారు పక్కనే కూర్చుని టీ ఊదుకుంటున్నారు. ఎలాగైనా భావనారాయణ ఆ విమానం ఎక్కాలి. విశాఖపట్నం దాటి ఎరగడు గానీ, పొద్దున్నే ఫోన్లో రెండు వీడియోలు చూసొచ్చాడు. అది చాలదా!

“నేను వెళ్ళినప్పుడు చూశానండీ, ఆ దేశంలో మన టీ సాగదు. మాతె అంటారు. ఎండు సొరబుర్రలో ఆకుపొడి వేసి, వేణ్ణీళ్ళు పోసి, గొట్టంతో పీల్చాలి. బుర్ర ఒక్కటే, గొట్టం ఒక్కటే. చుట్టూ కూర్చున్నోళ్ళంతా వరసగా దాన్నే నోట పెట్టుకోవాలి.”

“ఛీ, ఎంగిలి!” రత్తయ్య గారు మొహం చిట్లించారు.

“అక్కడ ఆ మాటన్నామా, స్నేహం చెడినట్టే. నాకూ ఇచ్చారు. చేదంటే చేదా! నేను మొహం కూడా ముడవకుండా లాగించేశాను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైందండీ?” అన్నాడు సుభాని, పాలు తిరగబోస్తూ.

“మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ తాగాను. పది, ఇరవై, నలభై! పక్కనోళ్ళు ఒక్కొక్కరే చేతులెత్తేశారు. పోసేవాడి చెయ్యి పడిపోతే వాళ్ళన్నయ్య వచ్చాడు, అన్నయ్య పడిపోతే మేనమామ. ఊళ్ళో ఆకు అయిపోతే పక్క జిల్లా నుంచి లారీలేసుకొచ్చారు. డెబ్భయ్యో రౌండులో నా పీల్పుకి బుర్ర సొట్టబోయింది, గొట్టం సన్నబడి సూదైపోయింది, పెరట్లో బావి నాలుగు ఒరలు దిగిపోయింది!”

“మనిషివేనటయ్యా!” అన్నారు రత్తయ్య గారు. అన్నారే గానీ, గ్లాసు పక్కన పెట్టి ఇటు తిరిగారు. భావనారాయణకి విమానం ఎక్కేసినట్టే అనిపించింది.

“నూట పదహారు రౌండ్లండీ! శుభమా అని అక్కడ ఆపాను. అంత తాగినా మర్యాద తప్పానా? మన కృష్ణ ఒడ్డు మర్యాద ఎక్కడికి పోతుంది! బుర్ర తిరిగిచ్చిన ప్రతిసారీ గుండె మీద చెయ్యేసుకుని, వాళ్ళ భాషలోనే ‘గ్రాసియాస్’ అన్నాను. థాంక్స్ అన్నమాట. ఆ మర్యాదకే ఆ ఊరి పెద్దాయన నన్ను కావలించుకుని, ఎప్పుడొచ్చినా నీ చీరలన్నీ నావేనని ఏడ్చేశాడు.”

సుభాని వడగడుతున్న చెయ్యి ఆపాడు. “మొదటిదానికీ అన్నారా అండీ?”

“అనకపోతే ఎలా? మొదటిదానికే అన్నాను!”

“అయితే రెండోది రాదండీ. తొమ్మిదేళ్ళు ఓడలో వంట చేశాను, ఆ దేశపోళ్ళ మధ్య కూర్చుని తాగాను. బుర్ర తిరిగిస్తూ థాంక్స్ అంటే, ఇంక నాకు చాలని అర్థం. మళ్ళీ కావాలంటే మాట్లాడకుండా ఇచ్చెయ్యాలి. మీరు తాగింది ఒక్కటేనండీ.”

“అంటే... నా విషయంలో ప్రత్యేకంగా...” నసిగాడు భావనారాయణ. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

రత్తయ్య గారు ఆయన వైపు చూడను కూడా లేదు. లేచి కొట్టు దగ్గరికి నడిచారు.

“సుభానీ, నీ పాస్‌పోర్టు ఇంకా పనికొస్తుందా?”