గరుసు తగిలిందాకా

కృపావరం మేస్త్రీ కోతలు కోస్తాడని తంగెళ్ళపాడులో తెలియనివాళ్ళు లేరు. అతను తాపీ పట్టుకుంటే గోడ నిట్టనిలువుగా లేస్తుంది, నోరు తెరిస్తే మాత్రం మాట ఎటు వాలుతుందో దేవుడికే ఎరుక. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి అతని పెళ్ళాం హన్నమ్మ. పద్దెనిమిదేళ్ళుగా అతని వెనక సున్నం తట్టలూ మోస్తోంది, అతని మాటలూ మోస్తోంది.

అందుకే ఆ ఆదివారం ఇంట్లోంచి కదిలేముందే చెప్పింది. "ఇయ్యాల కోతలొద్దయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకో. బడి సంగతి."

"నేనెప్పుడన్నా లేనిది చెప్పానా ఏంది," అన్నాడు కృపావరం, నిజంగానే నొచ్చుకుని.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. తంగెళ్ళపాడు గురజాలకు రెండు కోసుల దూరం. ఊరంతా నల్లరేగడి. ఎండల్లో నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది, వానల్లో నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పోయినేడు వానలకు క్రైస్తవ సంఘం బడి గోడ ఒకటి నిలువునా చీలి కూలిపోయింది. ఆదివారం కూలింది గనక సరిపోయింది. ఆ గోడ వారనే రెండో తరగతి పిల్లలు కూర్చుంటారు, వాళ్ళలో హన్నమ్మ ఆఖరి కూతురు ఉంది.

ఇప్పుడు కొత్త బడి కట్టాలి. సత్తెనపల్లి నుంచి ఒక కంట్రాక్టరు కబురు చేశాడు. రెండడుగుల పునాది చాలునట, దాంట్లో సిమెంటు పోస్తే రాయైపోతుందట, పది రోజుల్లో గోడలు లేపుతాడట. కృపావరం మాత్రం గరుసు తగిలిందాకా తవ్వాలంటాడు. అంటే రేగడి అయిపోయి, అడుగున గట్టి గులకనేల వచ్చేదాకా. అది ఆరడుగులో, ఏడడుగులో. తవ్వాల్సింది సంఘంవాళ్ళే, రోహిణి ఎండల్లో, దుక్కులు మానుకుని. మర్నాడు పొద్దున్నే కంట్రాక్టరు మనిషి వస్తాడు. ఏదో ఒకటి ఈ పూటే తేలాలి.

ఆరాధన అయ్యాక అందరూ దేవానందం పంతులుగారి అరుగు మీద చేరారు. పంతులుగారు బడి నడిపే మనిషి, ఎవరు చెప్పినా చివరిదాకా వింటారు. ఆయన పక్కనే సంఘపెద్ద జక్రయ్య, వరసకు కృపావరానికి బావ. ఆడవాళ్ళు పందిరి గుంజల దగ్గర కింద కూర్చున్నారు. పంతులుగారి భార్య ప్రేమమ్మ అందరికీ మజ్జిగ పోసింది. కృపావరం మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూసి హన్నమ్మకు గుబులు పుట్టింది. తలగుడ్డ ఒళ్ళోకి వచ్చిందంటే మాట పొడుగవుతుంది.

"నేనేదో పెద్ద పొడిచానని చెప్పనయ్యా," అని మొదలుపెట్టాడు. "మాచర్లకు రైలు దారి ఏస్తన్న రోజులు. అక్కడ సరుకులు దించుకునే షెడ్డొకటి, దాని పునాది పని నాది. తెల్లదొర నాలుగడుగులు తియ్యమన్నాడు. నేను చేతులు కట్టుకుని అన్నా, దొరగారూ, ఇది రేగడి, నాలుగడుగులంటే దీని బొడ్డు కూడా దాటం, అడుగున గరుసుంటది, గడ్డపార ఏస్తే ఖంగుమంటది, దాని మీద కూకోబెడితే గోడ కూకుంటది, రేగడి మీద కూకోబెడితే లేచిపోద్ది అని. ఏడడుగులకు తగిలింది గరుసు. అంతే. చిన్న పనే."

"ఏడడుగులా," అన్నాడు జక్రయ్య గడ్డం నిమురుకుంటూ. పంతులుగారు తల ఊపారు.

హన్నమ్మ ఊపిరి పీల్చుకుంది. అక్కడ ఆపితే ఎంత బాగుండేదో. కానీ ఇరవైమంది మౌనంగా తనవంకే చూస్తుంటే కృపావరం ఆగిన రోజు లేదు.

"ఏడడుగులన్నానా, అది ఒక మూలయ్యా. రెండో మూల పద్నాలుగు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? గడ్డపార చెయ్యి జారి నెర్రెలో పడింది. మాచర్ల ఎండలు మీకు తెలియనియ్యా, నెర్రెలో బర్రె పట్టిద్ది. టంగు టంగుమంటా పోతావుంది గడ్డపార. నేను సద్దిమూట ఇప్పుకుని జొన్న సంకటి తిన్నా, చెయ్యి కడుక్కున్నా, కాసేపు నడుం వాల్చా, లేచి చెవి పెడితే ఇంకా టంగు టంగుమంటానే ఉంది."

"ఇంతకీ దొరికిందా బావా?" అన్నాడు జక్రయ్య.

"దొరక్కేం, మూడు నెలలకి కారంపూడి కాడ నాగులేట్లో తేలింది. నా పేరు చెక్కుంది గనక తెచ్చిచ్చారు. తుప్పు పట్టుంటదనుకుంటన్నారు మీరు. రేగడికి రాసుకుని రాసుకుని ఎండి కడియంలాగా మెరుస్తంది."

నవ్వులు మొదలయ్యాయి. పంతులుగారు కూడా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వులాట కాదు పంతులుగారూ. మా పక్కనే ఇంకో మేస్త్రీ, పేరెందుకులే పాపం, రెండడుగులకే గోడ లేపాడు. తొలకరి పడింది. రేగడి ఉబ్బింది. ఇల్లు లేచింది. ఆ ఇంటాయన మామూలుగా గడప దాటి లోపలికెళ్ళి పడుకున్నాడా, తెల్లారి తలుపు తీసి కాలు బయటపెడితే కింద నేల లేదు. నిచ్చెన తెండిరా అని కేకలు. మళ్ళీ ఎండలొచ్చినయ్. ఇల్లు దిగటం మొదలుపెట్టింది. ఎంత దిగిందంటే, మేకలు నేల మీద నుంచునే చూరు గడ్డి మేసినయ్. ఏడాదికి రెండుసార్లు నిచ్చెనయ్యా ఆయనకి. వానల్లో ఎక్కటానికి, ఎండల్లో దిగటానికి."

ఈసారి ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. హన్నమ్మకు మాత్రం నవ్వు రాలేదు. రేగడి ఇంటిని లేపుతుందన్నది నిజమే. నిచ్చెనంత అక్కర్లేదు, బొటనవేలంత లేపితే చాలు, గోడ చీలుతుంది. బొటనవేలని చెబితే నమ్మేవాళ్ళు నిచ్చెనంటే నవ్వుతున్నారు. ఆమె మొగుడి కంట పడేలా తల అడ్డంగా ఊపింది. కృపావరం చూశాడు. చూసి, ఇంకా బాగా చెప్పమంటోందనుకున్నాడు.

"మరి సున్నం సంగతి చెప్పలేదు. సున్నం కాల్చే ఖాతూన్ బీ ఉందే, ఆమె బట్టీ సున్నం తెప్పించా. ఎడ్లను కట్టి గానుగలో వెన్నలాగా నూరించా. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోశా. ఇటుకముక్కలు కలిపి జానెడు మందాన పరవటం, దిమ్మిసలతో కొట్టించటం, మళ్ళీ జానెడు పరవటం. అదయ్యా సున్నపు కాంక్రీటంటే. బెల్లం వాసనకి చీమలొచ్చినయ్. వచ్చినయి వచ్చినట్టే అంటుకుపోయినయ్. చీమల కోసం కోడొచ్చింది, అదీ అంతే. కోడి కోసం గండుపిల్లి. పిల్లి కోసం కుక్క."

"కుక్క కోసం?"

"కుక్కని లాగుదామని పోలీసు."

"ఆయన్నెట్టా పీకారు మామా?" ఎవరో వెనకనుంచి అడిగారు.

"బూట్లొదిలేసి బయటపడ్డాడు. ఆ బూట్లు ఇప్పటికీ పునాదిలోనే ఉన్నయ్."

జక్రయ్య అరుగు మీద చరిచి చరిచి నవ్వాడు. కృపావరం గొంతు సర్దుకుని ముందుకు వంగాడు. ఇప్పుడిక అసలుది వస్తోందని హన్నమ్మకు తెలిసిపోయింది. కళ్ళు మూసుకుంది.

"అసలు రైలు మాచర్లలోనే ఎందుకాగిపోద్దో మీరెవురన్నా ఆలోచించారా? ఆగాల్సిన రైలు కాదయ్యా అది. నల్లమల దాటి పోవాల్సిన రైలు. నా పునాది అడ్డమొచ్చింది. దొర తీసెయ్యమన్నాడు. నలభైమంది వారం రోజులు సమ్మెటలతో కొట్టారు. సమ్మెటలరిగి సుత్తులైనయ్, సుత్తులరిగి మేకులైనయ్. మందు పెట్టి పేల్చారు. పొగ పోయాక చూస్తే అవతలి గుట్ట లేదు, పునాది ఉంది. ఇంజన్ను తెచ్చి గొలుసులేసి లాగారు. పునాది కదల్లా, దాన్ని పట్టుకున్న భూమి కదిలింది. గురజాల గజం ఇటొచ్చింది. మన ఊరి బావి వంకరగా లేదూ?"

"ఉంది," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"మరి. అప్పుడు దొర టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒరేయ్ కృపావరం, ఇంక రైలు ఇక్కడే ఆపేస్తాం, సీమలో మా రాజుగారికి చెప్పుకుంటాంలే అన్నాడు."

అరుగంతా నవ్వులతో ఊగిపోయింది. జక్రయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకుని లేచి నుంచున్నాడు.

"చానా నవ్వించావు బావా. నెలరోజులకు సరిపడా నవ్వించావు. పంతులుగారూ, ఇంక తేల్చేద్దాం. ఏడడుగులూ పద్నాలుగడుగులూ మా బావని కథలో తవ్వుకోనీండి. మనం రెండడుగులు తీసి సిమెంటు పోయించుకుందాం."

"అంతేలే," అన్నారు నలుగురు. పంతులుగారు ఇంకా చిరునవ్వుతోనే, "సరే అయితే," అనబోయారు.

కృపావరం నవ్వు మొహంతోనే అటూ ఇటూ చూశాడు. వాళ్ళు నవ్వింది తన కథకనుకున్నాడు గానీ, కథతోపాటు గరుసును కూడా నవ్వి అవతల పారేశారని అప్పుడర్థమైంది. ఒళ్ళోని తలగుడ్డను ఇటు మడిచాడు, అటు మడిచాడు. పెళ్ళైనప్పటినుంచీ హన్నమ్మ ఆ మొహాన్ని అట్టా ఒక్కసారే చూసింది. అది గుర్తొచ్చి, తనకు తెలియకుండానే గుంజ పట్టుకుని లేచింది.

"జక్రయ్యన్నా, కూర్చో," అంది.

పెద్దలముందు హన్నమ్మ నోరెత్తటం ఎవరూ ఎరగరు. జక్రయ్య కూర్చున్నాడు.

"ఆ షెడ్డు పని ఈయనది కాదు. కావలి నుంచొచ్చిన పెద్దమేస్త్రీది. ఈయన దిమ్మిస కొట్టాడు, నేను తట్ట మోశా. దొర ఈయన వంక చూడను కూడా చూళ్ళేదు. గడ్డపార నాగులేట్లో తేల్లేదు, మా ఇంట్లోనే ఉంది. కోడి లేదు, కుక్క లేదు, పోలీసు లేడు."

కృపావరం తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఏడడుగులు మాత్రం నిజం," అంది హన్నమ్మ. "పోయిన నెల మాచర్ల సంతకు పోయి చూసొచ్చా. ఆ గోడకు ఎంట్రుకంత గీత లేదు. రెండడుగుల గోడ సంగతి కూడా నిజమే. అది ఇంకో మేస్త్రీది కాదు. మా ఇల్లే. రండి, చూద్దురుగాని."

ముందు పంతులుగారు దిగారు. వెనకే అందరూ కదిలారు. నాలుగిళ్ళ దూరమే గానీ హన్నమ్మకు కోసెడు నడిచినట్టుంది. ఇంట్లోకెళ్ళి, పడమటి గోడకు నిలువునా వేలాడేసి ఉన్న చాపను విప్పింది. పదహారేళ్ళుగా పొరుగువాళ్ళ కంట కూడా పడనీయని గోడ అది. గోడలు కట్టే మేస్త్రీ ఇల్లే పగిలిందంటే పనెవరిస్తారని.

పగులు చూరునుంచి నేలదాకా ఉంది. జక్రయ్య దగ్గరికొచ్చి చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా పోయింది. అవతల దొడ్లో గోడకు పేర్చిన కట్టెల సందుల్లోంచి ఎండ కనపడుతోంది.

"పెద్దోడు కడుపులో ఉన్నాడు," అంది హన్నమ్మ. "వానలు రాకముందే నీడ కావాలని నేనే తొందరపెట్టా. రెండడుగులు తీసి గోడ లేపాడు. ఆ ఏడే చీలింది. మరుసటేడు షెడ్డు పనికి పోయి, గరుసు దాకా తవ్వటం చూసి ఇంటికొచ్చాం. ఆ రోజు ఈయన ఈ గోడ ముందు కూర్చుని పొద్దుగూకిందాకా మాట్లాడలేదు. ప్రతి ఏడూ పూడుస్తాడు, ప్రతి ఏడూ తెరుచుకుంటది. బడి గోడ కింద కూర్చునేది మన పిల్లలన్నా. నవ్వుకుంటే నవ్వుకోండి, గరుసు దాకా తవ్వండి."

పంతులుగారు వంగి ఆ పగుల్లోకి చూసి మెల్లిగా అడిగారు.

"కృపావరం, సిమెంటు పోస్తే ఆగదా?"

కృపావరం గోడకానుకుని నుంచున్నాడు. గొంతు తగ్గించి, ఒక్కో మాటా రాయి పేర్చినట్టు చెప్పాడు. "సిమెంటు మంచిదే అయ్యగారూ. కానీ రేగడి మీద ఏం పోసినా రేగడితోపాటే లేస్తది, దిగుద్ది. అందుకని గరుసు మీద నుంచి లేపుకురావాల. ఎండల్లోనే తవ్వాల. గోడకి రెండుపక్కలా కందకంలో మట్టి పూడ్చకుండా ఇసక పొయ్యాల, అప్పుడు రేగడి ఉబ్బినా ఇసకని నెట్టిద్ది గానీ గోడని నెట్టదు. చూరు నీళ్ళు గోడ కింద ఇంకకుండా చుట్టూ నాపరాళ్ళ అరుగెయ్యాల. మూడు వారాలు కాంక్రీటు తడి ఆరనియ్యకూడదు. ఇంతకంటే నాకు తెలవదు."

జక్రయ్య ఇంకా పగులు దగ్గరే ఉన్నాడు. చెయ్యి బయటికి తీసి దుమ్ము దులుపుకున్నాడు. "ఇంటికో మనిషిని పంపండి," అన్నాడు అందరివంకా తిరిగి. "రేపు పొద్దున్నే పార పడాల. కంట్రాక్టరు మనిషొస్తే మజ్జిగిచ్చి పంపుదాం."

ఎవరి దగ్గర ఎన్ని పారలున్నాయో, ఇసక బండ్లు ఎవరు తోలుతారో మాటలు మొదలయ్యాయి. హన్నమ్మ మొగుడివంక చూడటానికి జంకింది. పదిమందిలో అతని పరువు తీసింది. చివరికి ఓరగా చూసింది. కృపావరం ఆమెనే చూస్తున్నాడు. కోపం లేదు. పదహారేళ్ళ బరువు ఎవరో తల మీదనుంచి దించినట్టున్నాడు.

ఇంతలో బయట నుంచున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే లోపలికొచ్చి పగుల్లో చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టారు. ఒకతను, "ఎంత పగులు మామా," అన్నాడు విస్తుపోయి.

కృపావరం వీపు నిటారుగా అయింది.

"ఇట్టాంటి పగులు పల్నాడు మొత్తం మీద ఇంకోటి చూపించు," అన్నాడు. "ఇప్పుడు ఎండాకాలం గనక ముడుచుకుంది. పోయినేడు వానల్లో దీంట్లోంచి చూస్తే కృష్ణ అవతలి ఒడ్డు కనపడిందయ్యా. నైజాం పోలీసొకడు నీళ్ళు తాగుతా తలెత్తి నన్ను చూశాడు. చూసి ఊరుకున్నాడా?"

హన్నమ్మ నవ్వాపుకుంటూ చేతిలోని చాపవంక చూసింది. దాన్ని మళ్ళీ గోడకు తగిలించలేదు. దులిపి, వచ్చినవాళ్ళు కూర్చోటానికి నేలమీద పరిచింది.