సువార్తమ్మ చరణం

ఆరాధన అయిపోయి అందరూ వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన పాస్టరు, ఆడవాళ్ల వైపు చాపలు చుడుతున్న సువార్తమ్మ కూతురి దగ్గరికి వచ్చాడు.

"వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నానమ్మా, ఈ సంఘంలో జీవం లేదు. పల్లవి పాడి అందరూ ఆగిపోతారేంటి?"

"చరణం మా అమ్మ ఎత్తుకునేదండి అయ్యగారూ. ఆమె వెనకాల మేం అందుకునేవాళ్లం."

"సువార్తమ్మగారు పోయి రెండేళ్లయిందట కదా."

"మిరప కోతలప్పుడు పోయింది. చరణం ఆమెకే వదిలేసి, ఊరికే కూర్చుంటున్నాం."

"ఇట్టా కూర్చుంటే సంఘం ఏం నిలబడుద్దమ్మా? నీది అచ్చం మీ అమ్మ గొంతేనంటగా. ఇకనుంచి నువ్వు ఎత్తుకో."

"నేనెత్తుకుంటే అమ్మ ఇక రాదండి."

"పోయినవాళ్లు ఎక్కడొస్తారమ్మా? ఇదిగో, నేను పల్లవి పాడతా. నువ్వు చరణం పాడు."

ఆయన కళ్లు మూసుకుని పల్లవి పాడి ఆగాడు. కాసేపటికి చరణం మొదలైంది, సన్నగా, చివర కొంచెం వణుకుతూ. ఆయనకు ఒళ్లు పులకరించింది.

"చూశావా, ఎంత బాగా పాడావో" అంటూ కళ్లు తెరిచాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మెల్లగా కొంగు తీసింది.

"నేను పాడలేదండి. అయితే మీక్కూడా వినబడుతోందన్నమాట."