ద్రాక్షతోట పోయినంక

"తాతా, నా బట్టల దుకాణం మూసినకాడికెళ్లి నాకు అన్నం సయిస్తలేదు. నీది గూడ ద్రాక్షతోటల మొత్తం పోయిందట గదా. అప్పుడు ఏం జేసినవ్?"

ఏం జేస్త బిడ్డా, అన్నం తిన్న. ఆ దినం మీ నాయనమ్మ పప్పుచారు జేసింది. పోయింది పైసలు గని కడుపు యాడికి పోదు గదా. నా మాటలు రికార్డు జేస్తున్న గా ఫోను జర దగ్గర వెట్టు, నాకు గట్టిగ మాట్లాడొస్తలేదు. ఆఁ, గట్ల.

మొదటికెళ్లి జెప్పుత. మేము జనగామ దిక్కోళ్లం, నీకెర్కే గదా. నాచారంల నట్లు బోల్టుల కంపెనీల ఫిట్టరు పని నాది. పదకొండేండ్లు జేసిన. కాదు, పన్నెండు, మీ నాయిన పుట్టిన యాడాదే ఎక్కిన. ఎనబైలల్ల కంపెనీ మూసిన్రు. అందరికి ఇంతింత చేతుల వెట్టి పంపిన్రు. ఒకడు ఆటో కొన్నడు, ఒకడు చెల్లె పెండ్లి జేసిండు. నేను ద్రాక్షతోట గుత్తకు వట్టిన. గప్పుడు ఉప్పల్ అవుతల ఏడ జూసినా ద్రాక్షతోటలే. ఇప్పుడు మెట్రో స్తంభాలున్నయ్ సూడు, గా దిక్కంత పందిళ్లే. ఒక పటేల్ రెండెకరాల పంట నాకిచ్చిండు. సగం పైసలు ముందుగాల, సగం కోతయినంక. ద్రాక్ష గురించి నాకేం తెల్సంటవ్? తింటే తియ్యగుంటదని తెల్సు.

పంట మాత్రం మస్తు వచ్చింది. అండ్ల నా తెలివేం లేదు. ఇగ ఒక గురువారం నాడు పండ్లు కొనే బేపారి లారీ తీస్కొని వచ్చిండు, కోద్దామన్నడు. నేను వద్దన్న. ఎందుకంటే, మా ఊరి దిక్కు క్రైస్తవులల్ల ఒక పద్ధతుండె. పంట ఏదైనా, చర్చి అయ్యగారు వచ్చి చేన్ల నిలవడి ప్రార్థన జేసినంకనే కొడవలి వెట్టాలె, మొదటి గంప చర్చికి పోవాలె. జొన్నకు, వడ్లకు ఉన్న పద్ధతి అది. జొన్న నాలుగొద్దులు ఆగుతది. ద్రాక్ష ఆగదని నాకు ఎవ్వలు జెప్పలే. జెప్పలే అంటే, మీ నాయనమ్మ జెప్పింది.

అయ్యగారేమో సభలకని కాజీపేట పోయిండు, ఆదివారం వస్తడు. మీ నాయనమ్మ బళ్లె ఆయా గదా, బడి ఇడిశినంక తోటకాడికే వచ్చింది. "అయ్యగారు ఆదివారం వస్తడని నీకు తెల్సు, ద్రాక్షకు తెల్వది. కోయించు" అన్నది. దేవుని పనిల ఆడోళ్ల మాట ఎట్ల వింట అన్న. గప్పటి నా తెలివి గది.

శనివారం పగటీలి రాళ్లవాన వడ్డది. ఎంతసేపంటవ్? ఒక చాయ్ తాగినంతసేపు. గప్పుడు చాయ్ అద్దరూపాయి. పండ్లన్నీ పలిగినయ్. సగం పందిరి కడీలతోని సహా ఒరిగింది. కడీలంటే రాతి స్తంభాలు బిడ్డా, వాటి మీద ఇనుప తీగ గుంజి ద్రాక్షకు పందిరేస్తరు.

ఆదివారం అయ్యగారు వచ్చిండు. మాటంటే మాటే ఆయనకు. బురదల నిలవడి, కండ్లు మూసుకొని అర్ధగంట ప్రార్థన జేసిండు. ప్రార్థనల ఏం కొరత లేదు. పలిగిన పండ్లే ఏరి మొదటి గంప చర్చికి తీస్కపోయిన. అందరు తిని, మంచి తియ్యగున్నయన్నరు.

ఇగ మీ నాయనమ్మ తిడుతదనుకున్న. తిట్టలే. తిడితే బాగుండు. ఏమైందంటే, నన్ను అడుగుడు బంద్ జేసింది. అంతకు ముందు ప్రతిదానికి "ఏమంటవ్" అనేది. మీ నాయిన్ని ఏ బళ్లె ఎయ్యాలె, కూర గోంగూరనా వంకాయనా, అన్నీ అడిగేది. ఇగ ఏది లేదు. తన జీతంల ఇల్లు తనే నడుపుతది. నాకు అన్నం వెడ్తది, మంచిగనే మాట్లాడ్తది. అడగది. పైసలు పోయిన బాధ ఆర్నెల్లల్ల తగ్గింది బిడ్డా. గిది తగ్గలే. నా ఇంట్ల నేను చుట్టం లెక్క కూసున్న.

గట్లుంటే పటేల్ పిలిచిండు. మిగిలిన సగం అడుగుతడనుకుంట పోయిన. "నీ తాన ఏమున్నదని అడగాలె. వడ్డ కడీలు లేపి తీగ గుంజియ్యి, చెల్లుకు చెల్లు" అన్నడు. నాకు ద్రాక్ష తెల్వదు గని తీగ తెల్సు, ఫిట్టరును గదా. పొద్దుగాల సల్లగున్నప్పుడు గుంజితే పగటీలి ఎండకు సాగి వేలాడ్తది. అందుకే పనోళ్లంత నీడకు పండుకుంటే, నేను నడినెత్తి ఎండల బిగిచ్చేటోన్ని. సల్లవడ్డంక అది ఇంక బిగుసుకుంటది. కడీ మూడో వంతు భూమిల ఉండాలె. పటేల్ వచ్చి ఊపి జూసిండు, ఊగలే.

మరుసటేడు ఆ తోటనే తీసి ప్లాట్లు జేసిండు. కడీలు పీకనీకె మళ్ల నన్నే పిలిచిండు, పీకినయి నాకే అగ్గువ ధరకిచ్చిండు. ప్లాట్లు కొన్నోళ్లు హద్దులకు కడీలు, తీగ కావాలన్నరు. గట్ల మొదలైంది. ఒక్కొక్క తోట పోతుంటే నా పని పెరిగింది. ఇటు పీకుడు, అటు పాతుడు. ఉప్పల్ కెళ్లి చర్లపల్లి జైలు దాక పాతిన. మొదాలు కిరాయి బండి, తర్వాత సొంత ట్రాలీ, ఎనమండుగురు పనోళ్లు. తోట పోయి కూలవడ్డోన్ని, మంది తోటలు పోతుంటే బాగువడ్డ. అది మంచో చెడో నాకు తెల్వదు. ఒకపారి కాప్రా దిక్కు ప్లాటు నంబరు తప్పి పక్క ప్లాటుకు పాతిన. ఆ ప్లాటాయన వచ్చి జూసి, ఎవలో గని మంచిగ పాతిన్రన్నడు. పైసలియ్యలే.

ఏడేండ్లయింది గట్ల. ఒకనాడు నాచారం రేకులింట్ల అన్నం తింటున్న. మీ నాయనమ్మ చారు వోసుకుంట, నా మొకం జూడకుంటనే అన్నది, "మనం గూడ ఒక ప్లాటు కొందమా. కాప్రాలనా, ఈడ్నేనా. ఏమంటవ్?"

ముద్ద నోట్లెనే ఉన్నది. ఏడేండ్ల సంది గా ఒక్క మాట కోసం జూస్తున్న. అడిగితే గిట్ల జెప్పాలె, గట్ల జెప్పాలె అని ఎన్నో అనుకొని పెట్టుకున్న. తీరా అడిగితే "నీ ఇష్టం" అన్న.

"నా ఇష్టమైతే నిన్నెందుకు అడుగుత" అన్నది.

ఏడ్పొచ్చింది బిడ్డా. చారుల కారమెక్కువైందన్న. నాచారంలనే కొందామన్న. గిప్పుడు నువ్వు కూసున్న జాగ గదే.

అవునుగని, నీ మొగడు నిన్ను అడుగుతుండా, ఇంట్ల ఏదన్న చేసే ముందు? నిన్న గూడ అడిగిండా? మరి ఇంకేంది బిడ్డా, నీది పోయింది దుకాణమొక్కటే. దేవుడు నిన్ను సల్లగ సూడాలె.